ఆవులకు రివర్సు గేరుండదు

వింటన్
18 ఏప్రిల్ 2010, ఆదివారం, సాయంత్రం 7.40

ప్రియమైన జీన్ అక్కకు,

టెలిఫోనులో నేనేది చెప్పినా నీకు వర్షం పడుతున్నట్టు వినిపిస్తోందని నీవు రాసిన మీదట, ఇకపై ముఖ్య విషయాలన్నీ కాగితం మీదనే పెట్టాలని నిశ్చయించుకున్నాను. ముందుగా, జరిగినది జరిగిన వరుసలో:

1. మార్చి 27న మా చిన్న ఎస్‌యూవీ వెనుక ట్రైలర్ తగిలించే ఉక్కు గుండును నేనే స్వయంగా, పుస్తకం చూసి, బిగించాను. మెకానిక్ అరగంట పని అన్నాడు. నాకు రెండు రోజులు పట్టింది. మూడు బోల్టులు మిగిలాయి. అవి అదనంగా ఇచ్చినవని నా అభిప్రాయం.

2. మార్చి 29న ఆ గుండు నీ మరదలు నైరీ మోకాలి కింద తగిలి బొప్పి కట్టింది. మార్చి 30న నాకూ తగిలింది. ఆనాటి నుండి గుండుకు పాత టెన్నిసు బంతి తొడిగి ఉంచుతున్నాం.

3. ఏప్రిల్ 3న ట్రైలర్ కొన్నాను. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, పైన గొర్రెల పంజరం. అమ్మినాయనే తెచ్చి మా వాకిట్లో పెట్టి వెళ్ళాడు.

4. ఏప్రిల్ 5న దీపాల తీగ కలిపాను. ఎడమకు తిరుగుతానంటే కుడి దీపం వెలిగింది. ఏప్రిల్ 8న సరిపడింది.

5. ఏప్రిల్ 11న అరవై కిలోల ఇసుక సంచులు మూడు ఎక్కించి, వాటికి మేబెల్, డాట్, బిషప్ అని చీటీలు అంటించి, ఊరి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. అన్నీ ఎడమ మలుపులే. ఏ ఇబ్బందీ కలుగలేదు.

కాబట్టి నీ పొలం చేతులు మారే జూన్ ఒకటిన, నీ మూడు ముసలి గొర్రెలనూ మా ఇంటి వెనుక గడ్డిలోకి తరలించే బాధ్యత నాది. ఒక్క మనవి. బరువు కొంచెం ముందుకు ఉండాలి, లేకుంటే ట్రైలర్ తోక ఊపుతుంది. అందుచేత గొర్రెలు ముందు భాగంలోనే నిలబడాలి. ఈ సంగతి వాటికి ముందే తెలియజేయగలవు.

మరొక చిన్న విషయం. నేను నీ వాకిట్లోకి రాకుండా, చర్చి మూల దగ్గర, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఆగుతాను. గొర్రెలను అక్కడి వరకు నడిపించుకుని వస్తే పని సులువవుతుంది.

నైరీ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు నీ తమ్ముడు,
ఆంగస్ విలియం మెక్‌లీష్


పొలం
25 ఏప్రిల్

ఒరేయ్ గస్,

నాకు రాసే ఉత్తరంలో కూడా ఇంటిపేరుతో సహా సంతకం పెట్టేవాణ్ణి నిన్నే చూశాను. నిన్ను మా ఇంట్లోనే కన్నార్రా, నాకు గుర్తుంది, నాకప్పుడు ఏడేళ్ళు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇసుక సంచులకి పేర్లు పెట్టిన చోట నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాను. కానీ చర్చి మూల సంగతేంటి? అది రెండు కిలోమీటర్లు. బిషప్‌కి పదమూడేళ్ళు, ముందు కాలు గిట్ట అరిగిపోయింది. నా చేత్తో సీసాపాలు తాగి పెరిగిన గొర్రె, దాన్ని తారు రోడ్డు మీద అంత దూరం నడిపించమంటావా? అందరూ ఏం చేస్తారో నువ్వూ అదే చెయ్యి. వాకిట్లోకి రా, ట్రైలర్ని వెనక్కి తీసుకెళ్ళి షెడ్డు ముందు గొర్రెల్నెక్కించే దిమ్మెకి ఆనించు, తలుపు తియ్యి, అవే ఎక్కుతాయి. రెండు నిమిషాల పని.

కొన్నవాళ్ళ మంద జూన్ ఒకటి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది. ఆ రోజు పాడి వాళ్ళందరూ ఇళ్ళు మారతారు కదా, ఈ జిల్లాలో ఖాళీ ట్రైలర్ ఒక్కటి దొరకదు. పక్క పొలం తులోక్‌ని అడిగా, వాడిది ఫిబ్రవరిలోనే ఎవరికో మాటిచ్చేశాట్ట. ఉన్నదల్లా నీ బుజ్జి ట్రైలరే. అది కాదంటే మిగిలింది 31న వచ్చే కబేళా లారీ. రివర్టన్‌లో నేను తీసుకున్న ఇంటికి గొర్రె కాదు కదా, గులాబీ మొక్క పెట్టుకునే చోటు కూడా లేదు.

కాబట్టి తిన్నగా వాకిట్లోకి రా.

జీన్


వింటన్
2 మే 2010, ఆదివారం, ఉదయం 6.15

ప్రియమైన అక్కకు,

నీ సూచనను అన్ని కోణాల నుండి పరిశీలించాను. వాకిట్లోకి రావడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే జూన్ మనకు శీతకాలం, నేల మెత్తగా ఉంటుంది గనుక, వచ్చిన బండి ఆగకుండా ముందుకే సాగే ఏర్పాటు ఉండడం మేలు. పటం ఒకటి జత చేస్తున్నాను. దాని ప్రకారం:

1. రోడ్డు గేటులోంచి ప్రవేశం.
2. ఉన్ని షెడ్డు చుట్టూ కుడి నుండి ఎడమకు.
3. షెడ్డు వెనుక, నేల మీదనే, ఒక పలక వేసి గొర్రెలను ఎక్కించుట.
4. ఏటి గేటులోంచి నిష్క్రమణ.

ఇందుకు బట్టలారేసే స్తంభం ఒకటి పీకవలసి ఉంటుంది. నీళ్ళ తొట్టి మూడడుగులు జరగాలి. పటంలో ఎర్ర సిరాతో గుర్తు పెట్టిన రెండు కొమ్మలు కొట్టివేయాలి. ఆ పనులకు నేను ముందు రోజే రాగలను, ట్రైలర్ లేకుండా.

ఎట్టి పరిస్థితుల్లోనూ దిమ్మె అవసరం రాకూడదని నా ఉద్దేశం. కారణాలు సాంకేతికమైనవి.

ఇట్లు,
ఆంగస్ విలియం మెక్‌లీష్


పొలం
9 మే

ఆంగస్‌కి,

నీ పటం అందింది. చాలా శుభ్రంగా గీశావు.

ఏటి గేటు నాది కాదిప్పుడు. కొన్నవాళ్ళు దానికి అడ్డంగా గడ్డి చుట్టలు నలభై పేర్చుకున్నారు.

నేను చెవిటిదాన్నే కానీ తెలివి తక్కువదాన్ని కాదు. ముందు చర్చి మూల అన్నావు. తర్వాత స్తంభం పీకమన్నావు, తొట్టి జరపమన్నావు, నాన్న నాటిన చెట్టు కొమ్మలు కొట్టమన్నావు. రేపు షెడ్డే జరపమంటావేమో. ఇష్టం లేని మనిషి ఇన్ని సాకులు చెప్పనక్కర్లేదు, ఒక్క మాట చెప్తే చాలు. నీ గడ్డి నీది. నైరీకి పూలమొక్కలున్నాయి, గొర్రెలు మేస్తాయి, నాకర్థమైంది. గొర్రెల్ని చూసే వంకతో నేను వారం వారం వచ్చి మీ ఇంట్లో కూర్చుంటానని కూడా అనుకొని ఉంటారు. అందులో అబద్ధం లేదు, నేను అదే అనుకున్నా.

31వ తేదీ లారీకి మూడింటి పేర్లూ రాయించాను.

జీన్ మెక్‌లీష్


వింటన్
12 మే, బుధవారం

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. గడియారం చూడలేదు.

ఆ లారీకి కబురు పంపించి మాన్పించు. సాంకేతిక కారణాలు ఏవీ లేవు. ఉన్నది ఒక్కటే కారణం: నాకు ట్రైలర్‌ను వెనక్కి తీయడం రాదు.

సౌత్‌ల్యాండ్‌లో పుట్టిన నలభై అయిదేళ్ళ మగవాడు ఈ మాట సిరాతో రాయడం ఇదే మొదటిసారి అయి ఉంటుంది. ఇక్కడ పన్నెండేళ్ళ ఆడపిల్లలు ఒక చేత్తో ఆపిల్ తింటూ పడవ ట్రైలర్‌ను నీళ్ళలోకి దింపుతారు. నేను ముప్ఫై ఏళ్ళుగా దానిని దాచుకు వస్తున్నాను. దాచడానికి పడిన శ్రమలో పదో వంతు నేర్చుకోవడానికి పడి ఉంటే ఈపాటికి ఇతరులకు పాఠాలు చెప్పేవాణ్ణి. అరువు ట్రైలర్‌తో చెత్త పారబోయడానికి వెళ్ళినప్పుడు, నడుముకు వ్యాయామం మంచిదని చెప్పి, కొక్కెం ఊడదీసి దానిని చేతులతో తోసుకుంటూ వెళ్ళేవాణ్ణి. పెట్రోలు బంకుల్లో ఇటు ప్రవేశించి అటు బయటపడే వీలున్నవేవో నా దగ్గర ఒక జాబితా ఉంది. మరీ తప్పనిసరి అయితే నాకు హఠాత్తుగా కడుపునొప్పి వస్తుంది, నైరీ చక్రం అందుకుంటుంది. ఆమెకు పెళ్ళయిన మూడో నెలలోనే తెలుసు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అసలు ఈ రహస్యం ఎంత భద్రంగా ఉందంటే, నేను సొంతంగా ట్రైలర్ కొన్నప్పుడు ఆమె తప్ప ఎవరూ నవ్వలేదు.

మొదలైంది ఎక్కడో నీకు తెలుసు. నాకు పదిహేనేళ్ళు, ఉన్ని కత్తిరింపుల రోజు, వాకిట్లో పదకొండు మంది పనివాళ్ళు టీ తాగుతున్నారు. నాన్న తాళం విసిరి, ట్రైలర్ దిమ్మెకి ఆనించరా అన్నారు. నేను కోళ్ళ గూటికి ఆనించాను. తర్వాతి సంగతి నాకంటే నీవే బాగా చెబుతావు.

గొర్రెలు మా ఇంటికి రావాలని నేనూ, నా కంటే ఎక్కువగా నైరీ కోరుకుంటున్నాము. పూలమొక్కలకు కంచె వేయడం పోయిన నెలలోనే పూర్తయింది. నీవు వారం వారం రావాలనే ఆ కంచెకు గేటు పెట్టాను.

ఆంగస్


పొలం
16 మే

గస్,

లారీకి కబురు పంపేశా. తపాలా తెచ్చే పిల్ల బండి ఎక్కుతుండగా ఆపి మరీ చెప్పించా.

ముందు ఒక సంగతి. ఆ కోళ్ళ గూడు కథ నేను ఎన్ని సార్లు చెప్పానో లెక్కేసుకున్నా. ముప్ఫై క్రిస్మసులు. నీ పెళ్ళిలో భోజనాల ముందు నిలబడి కోడిలాగా అరిచి మరీ చెప్పా. అందరికన్నా గట్టిగా నువ్వే నవ్వుతుండేవాడివి, అందుకని నీకు ఇష్టమనే అనుకున్నా. నాకు బొత్తిగా తెలీదురా. తెలిస్తే చెప్పేదాన్నా? చెప్పేదాన్నేమో, అంత బాగుండేది ఆ కథ. కానీ నీ ముందు చెప్పేదాన్ని కాదు.

ఇప్పుడు పని. నీ పుస్తకాలు పక్కన పడెయ్యి. చెయ్యి చక్రానికి కింది భాగంలో పెట్టు, పైన కాదు. ట్రైలర్ ఎటు పోవాలనుకుంటే చెయ్యి అటు జరుపు. అంతే, ఇంకేం లేదు. కొంచెం జరుపు, ఆగు, చూడు. నువ్వు చిన్న ట్రైలర్ కొని తప్పు చేశావు, చిన్నది తలతిక్కది, కళ్ళు మూసి తెరిచేలోగా అడ్డం తిరుగుతుంది. పైగా బండి వెనక దాక్కుంటుంది, అద్దంలో కనపడేసరికి పనైపోయుంటుంది. అందుకే దీంతో రెండు ఎర్ర ఉన్ని కుచ్చులు పంపుతున్నా. పంజరానికి వెనక మూలల్లో రెండు కర్రలు కట్టి పైన ఇవి తగిలించు. ఒక్కో అద్దంలో ఒక్కోటి కనపడుతున్నంతసేపు నువ్వు తిన్నగా పోతున్నట్టే.

ఉన్ని మేబెల్‌దే. రంగు వేసింది నేను.

అక్క


వింటన్
24 మే, సోమవారం

అక్కా,

నిన్న పశువుల సంత ఖాళీగా ఉన్నదని తెలిసి సాధనకు వెళ్ళాము. హద్దులుగా నిలపడానికి నైరీ ఒక సంచి స్వీడ్ దుంపలు తెచ్చింది. ఇరవై నాలుగు నిలిపాము, పధ్నాలుగు చితికాయి. వాటిని పారేయడం దేనికని ఆమె రాత్రి పులుసు చేసింది, ఈ రోజు కూడా అదే పులుసు, రేపటికీ ఉంది. ప్రతి ముద్దలోనూ నా తప్పు నాకు స్పష్టంగా తెలుస్తున్నది.

చెయ్యి కింద పెట్టే ఉపాయం పనిచేస్తుంది, నేను ఆలోచించనంత వరకు. ఆలోచించగానే ట్రైలర్ నా ఎదుటికి వచ్చి నన్ను పలకరిస్తుంది.

ఒకటిన తొమ్మిదింటికల్లా వస్తాను. ఆనాటికి నీ సామాను వెళ్ళిపోయి వాకిలి ఖాళీగా ఉంటుంది గనుక షెడ్డు చుట్టూ తిరిగి వచ్చి నేల మీద నుండే ఎక్కించుకుని, రోడ్డు గేటులోంచే ముందుకు వెళ్ళిపోతాను. నీకు ఏ స్తంభమూ పీకే పని లేదు.

ఆంగస్


రివర్టన్
3 జూన్

గస్,

ఇంకా పెట్టెలు విప్పలేదు. చెవి మిషన్ ఇప్పుడే దొరికింది, గరిటెల పెట్టెలో ఉంది. సముద్రం చప్పుడు ఎక్కువగా ఉంది, మళ్ళీ తీసేశా.

మొన్నటి సంగతి నీకు ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నువ్వు అదే తలుచుకుంటూ కూర్చుంటావు. పదింపావుకి గొర్రెల్ని ఎక్కించి నీకు చెయ్యి ఊపి లోపలికెళ్ళాను. వచ్చేవాళ్ళకి ఇల్లు మురికిగా అప్పజెప్పకూడదని వంటిల్లు కడిగి, పొయ్యిలో కట్టెలు పేర్చి, స్కోను రొట్టెలు గుడ్డ కప్పి పెట్టి, పన్నెండింటికి బయటికొచ్చా. చూస్తే నువ్వు అక్కడే ఉన్నావు. అదే చోట, అదే వైపు ముక్కు పెట్టి, చేతులు రెండూ చక్రం మీద, మొహంలో నెత్తురు చుక్క లేదు.

నేనేమీ అనలేదు చూశావా? నాకర్థమైంది. రోడ్డంతా లారీలు, మందలు, ఆ హడావిడికి నీకు గేటు దాటడానికి ధైర్యం చాల్లేదు. గంటా ముప్పావు అక్కడే కూర్చున్నావు, పాపం. దాన్లో సిగ్గు పడాల్సిందేం లేదు. కారు తాళం నీకిచ్చి నీ బండి నేను తోలాను, అంతేగా, ఇంట్లోవాళ్ళం. గొర్రెలు క్షేమంగా చేరాయి. అదే కావాలి.

ఆ పొలం కొన్నామె మందతో వచ్చి నిన్ను చూపిస్తూ నాతో ఏదో చాలాసేపు చెప్పింది. ఒక్క ముక్క వినపడలేదు, నవ్వేశా. నిన్ను వెటకారం చేస్తోందేమోనని తర్వాత అనిపించింది, అలా నవ్వకుండా ఉండాల్సింది.

బిషప్ మేత తింటోందా? రాయి.

అక్క


వింటన్
సోమవారం, సెలవు

అక్కా,

బిషప్ తింటోంది. నైరీ కంచె గేటు తెరవడం కూడా నేర్చుకుంది. డాట్, మేబెల్ దాని వెనుకే వెళ్తున్నాయి. బంతి మొక్కలు ఇక లేవు.

నీ ఉత్తరం నాలుగు రోజులుగా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. నీవు నన్ను అంత మృదువుగా క్షమించావు గనుక అలాగే ఊరుకుందామనుకున్నాను. నైరీ ఒప్పుకోలేదు.

నేను గేటు దాటాను. నీవు లోపలికి వెళ్ళిన రెండు నిమిషాలకే దాటాను. గొర్రెలు మూడూ, నేను కోరినదానికి సరిగ్గా విరుద్ధంగా, వెనుక తలుపు దగ్గర గుమిగూడి రోడ్డు చూస్తున్నాయి. ట్రైలర్ తోక ఊపింది. నేను నడకకు రెట్టింపు వేగానికి దిగాను. ఆ వేగంతో ఏటి వంతెన చేరాను. ఒక్క బండి పట్టే వంతెన, నీకు తెలిసిందే. అవతల ఖాళీగా ఉందని చూసుకుని, ఇంకొకసారి చూసుకుని, ఎక్కాను. మధ్యకు వచ్చేసరికి మలుపు తిరిగి నాలుగు వందల ఆవులు వంతెన ఎక్కాయి.

నా వెనుక తులోక్, పెద్ద ట్రైలర్ మీద ఎవరిదో వంటింటి సామానంతా వేసుకుని. మంద ముందు నాలుగు చక్రాల మోటారు సైకిలు మీద నీ పొలం కొన్నామె, టోపీ, గొంతు వరకు బురద. నేను కిటికీ దించి, మందను కాస్త వెనక్కి మళ్ళించడం సాధ్యమా అని మర్యాదగా అడిగాను. ఆమె ఇంజను ఆపింది.

"వెనక్కి తీసుకో నాయనా," అంది. "ఆవులకి రివర్సు గేరుండదు."

తులోక్ ఒక్క ఊపున, తల తిప్పకుండా, జడలో పువ్వు తురిమినంత సులువుగా వెనక్కి వెళ్ళిపోయి, గడ్డి గట్టు మీద ఆపుకుని, ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకున్నాడు. అతని వెనుక వచ్చిన రెండు లారీల వాళ్ళు కూడా పక్కకు ఆపి, దిగి వచ్చి గట్టు మీద కూర్చున్నారు. పదిహేనేళ్ళ వయసులో నా ముందు కూర్చున్నవాళ్ళే ముప్ఫై ఏళ్ళుగా ఆ టీ ముగించకుండా నా కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

మొదటిసారి ట్రైలర్ వంతెన ఎడమ కమ్మీలను తాకింది. రెండోసారి కుడి. మూడోసారి మళ్ళీ ఎడమ, బహుశా మొదటిది గట్టిగా తగలలేదని. ముందున్న ఆవు మా బండి మూతిని నాకుతోంది. ఏడోసారికి తులోక్ నడుచుకుంటూ వచ్చి కిటికీ మీద చెయ్యి ఆనించి, "దిగు గస్, నేను తీసిపెడతా. ఇందులో ఏముంది," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకు కడుపునొప్పి అప్పటికే రావడం మొదలైంది, అలవాటు ప్రకారం. చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది కూడా. అద్దంలో నీ ఎర్ర కుచ్చు ఒకటే కనబడుతోంది, దాని కింద బిషప్ ముఖం. అది రోడ్డు చూడడం మానేసి నన్ను చూస్తోంది. అంత అసహ్యంతో నన్ను ఎవరూ చూడలేదు.

"వద్దు, నేనే తీస్తా," అన్నాను. అతను వెళ్ళి టీ దగ్గర కూర్చున్నాడు.

పదకొండోసారి రెండు కుచ్చులూ రెండు అద్దాల్లోనూ నిలిచాయి. చెయ్యి కింద పెట్టాను, కొంచెం జరిపాను, ఆగాను, చూశాను. వంతెన దాటింది. గట్టు మీద వాళ్ళు చేతులూపారు, పక్కకు తీసి ఆగమని. నేను ఆగలేదు. ఎందుకంటే తిన్నగా పోతున్నది మళ్ళీ పోతుందని నాకు నమ్మకం లేదు. పక్కకు తీయడం నీవు నేర్పలేదు, నేను సాధన చేయలేదు. కాబట్టి అలాగే వెళ్ళాను. తులోక్‌ను దాటి, లారీలను దాటి, ఆరు వందల మీటర్లు, వెనక్కి. ఎదురుగా నాలుగు వందల ఆవులు, మెల్లగా, నన్ను సాగనంపుతున్నట్టు. రోడ్డు వంపు తిరిగిన చోట నేనూ తిరిగాను, ఎలాగో నాకు తెలియదు. నీ గేటు వచ్చింది. ఆ గేటులోంచే లోపలికి తీశాను, అక్కా, వెనక్కి, కోళ్ళ గూడు పక్కగా, గూటికి జానెడు దూరంలో. షెడ్డు ముందు, ఉదయం నిలిచిన చోటే ఆగాను. చక్రం వదిలితే బండి మళ్ళీ కదులుతుందేమోనని దిగలేదు.

నీవు చీపురు పట్టుకుని బయటికి వచ్చావు.

ఆ కొన్నామె నీతో అంతసేపు చెప్పినది ఇదే. వెటకారం కాదు. ట్రైలర్‌ను వెనక్కి తోలుతూ మందను ఇంటికి చేర్చినవాణ్ణి ఇంతవరకు చూడలేదని, జీతానికి వస్తాడేమో అడగమని.

నేను చెప్పబోయాను. నీ చెవిలో మిషన్ లేదు. నీవు నా చేతి మీద చెయ్యి వేసి, గట్టిగా, ఊరంతటికీ వినబడేలా, "జరుగురా, నేను తోలుతాలే," అన్నావు. నేను జరిగాను. నీ కారులో నీ వెనుకే వచ్చాను. నీవు గేటు దాటేటప్పుడు చూశాను, అద్దంలో వెనుక వస్తున్న నన్ను కాదు, ఇంటిని కాదు, నీ గొర్రెలను చూసుకుంటూ దాటావు. గొర్రెలు లేకుండా, ఒంటరిగా ఆ గేటు దాటవలసి వస్తుందేమోనని నీవు ఏప్రిల్ నుండి భయపడుతున్నావని నైరీ నాతో అంటూనే ఉంది. అలా జరగలేదు. దానికి నేను పనికివచ్చానంటే, నేను గేటే దాటలేదని నీవు అనుకున్నా నాకు ఇబ్బంది లేదు. మూడు రోజుల పాటు నిజంగానే లేదు. నాలుగో రోజున కొద్దిగా ఉంది.

అందుకే రాస్తున్నాను. కోళ్ళ గూడు కథ నా ముందు చెప్పేదానివి కాదన్నావు, మానకు. క్రిస్మసుకు అదీ చెప్పు, దాని వెనుక ఇదీ చెప్పు, కావాలంటే ఆవులా అరిచి చూపించు. మొదట నాలుగో ప్రయత్నానికే వచ్చిందని రాశాను. కొట్టివేశాను. పదకొండు అనే చెప్పు.

ఆదివారం రా. ఇంటి వెనుక నేను కట్టిన దిమ్మెకి ట్రైలర్‌ను ఆనించి పెడతాను, ఎక్కించడానికి ఏమీ లేకపోయినా.

గస్